వలకు 61 రోజులు, విషానికి ఎన్ని రోజులు?

(రాయపూర్‌లో తెలుగు విద్యార్థుల అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రం గురించి మాట్లాడటానికి రాయపూర్ దాకా ఎందుకు వచ్చారని పొద్దున టీ తాగుతుంటే ఒక తమ్ముడు నవ్వుతూ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడి నుంచి ఏ తీరానికి వెళ్ళాలన్నా రాత్రంతా రైల్లో కూర్చోవాలి. కానీ ఈ ఊరి నీళ్ళు రోజూ అక్కడికే వెళ్తున్నాయి. మీ ఊరి పక్కన పారే ఖారూన్ శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్ శివరీనారాయణ్ దగ్గర మహానదిలో కలుస్తుంది. మహానది హీరాకుడ్ దాటి, కటక్ దాటి, పారాదీప్ దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. దక్షిణాన బస్తర్ నీళ్ళది ఇంకో దారి. ఇంద్రావతి భద్రకాళి దగ్గర, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. మీలో కొంటా, భోపాలపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఇది నేను చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళు ధవళేశ్వరం దాటి యానాం, కోరింగ, అంతర్వేది వైపు పోతాయి. ఛత్తీస్‌గఢ్‌కు తీరం లేదు. కానీ ఈ రాష్ట్రం రెండు డెల్టాలకు పైన ఉంది.

ముందే ఒక మాట స్పష్టం చేస్తాను. ధమ్తరిలో ఇవాళ కొట్టిన మందు వచ్చే వారం పారాదీప్ రొయ్యను చంపుతుందని నేను అనడం లేదు. ఇప్పుడు వాడే మందుల్లో చాలావరకు రోజుల్లోనో వారాల్లోనో విరిగిపోతాయి. హీరాకుడ్ లాంటి పెద్ద జలాశయంలో ఒండ్రు దిగిపోతుంది, దానికి అంటుకున్న మందూ కొంత అక్కడే ఆగుతుంది. సముద్ర జీవానికి తక్షణ ప్రమాదం డెల్టా చేల నుంచి, మొగలకు ఆనుకుని ఉన్న పొలాల నుంచి వస్తుంది. ఎగువ నుంచి వచ్చేది నెమ్మదిగా పేరుకునే రకం. డీడీటీ, ఎండోసల్ఫాన్ లాంటివి ఒండ్రుతో పాటు ప్రయాణించి, బురదలో ఏళ్ళ తరబడి ఉండిపోయి, చేప కొవ్వులోకి ఎక్కుతాయి. ఈ తేడా తెలియకుండా మాట్లాడితే మన మాటకు విలువ ఉండదు.

ఇక నా విషయానికి వస్తాను. తీర జలాలను కాపాడాలంటే ఈ దేశంలో చట్టం ముందుగా ఆపేది జాలరి వలను. పొలంలో కొట్టే మందును ఆపే చట్టం మాత్రం దాదాపు లేదు. ఇది పొరపాటున జరిగింది కాదు. ఎవరి పనిని ఆపడం సులువో, ఎవరి పనిని ఆపడం కష్టమో ఈ దేశంలో కులమే తేలుస్తుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి ఆధారాలు.

నేను కోనసీమలో పుట్టాను. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఆ పేరు వద్దంటూ 2022 మే 24న అమలాపురంలో ఒక దళిత మంత్రి ఇంటికి నిప్పు పెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ మా నాన్న మందు కొట్టే కూలీ. సార్వాకీ దాళ్వాకీ ట్యాంకు భుజాన వేసుకుని కామందుల చేలల్లోకి దిగేవాడు. ముఖానికి తువ్వాలు, ఒంటిమీద పాత చొక్కా, కాళ్ళకు ఏమీ ఉండేవి కాదు. పని అయ్యాక ట్యాంకు బోదెలో కడిగేవాడు. బోదె నీళ్ళు డ్రెయిన్‌లోకి, డ్రెయిన్ నీళ్ళు ఏటిలోకి, ఏరు మొగ దగ్గర సముద్రంలోకి.

ఒక ఏడాది దోమపోటుకి మందు కొట్టిన మర్నాడే పెద్ద వాన పడింది. రెండు రోజులకు డ్రెయిన్‌లో జెల్లలు, పీతలు తేలాయి. పిల్లలం బుట్టలు పట్టుకుని పరిగెత్తాం. మా అమ్మ వెనకే వచ్చి బుట్టలు లాక్కుని విసిరేసింది. సాయంత్రం ఏటిగట్టు పేట నుంచి నలుగురు జాలర్లు వచ్చి మా నాన్నను నిలదీశారు. “నువ్వు మందు కొట్టావు, మా ఏరు చచ్చింది” అన్నారు. ఆయన తల దించుకుని నిలబడ్డాడు. ఏ మందు కొట్టాలో, ఎంత కలపాలో, ఏ రోజు కొట్టాలో ఆయన ఎప్పుడూ నిర్ణయించలేదు. డబ్బా మీద రాసింది చదవడం ఆయనకు రాదు. ఆ నలుగురూ కామందు గడప దాకా వెళ్ళలేదు. వెళ్ళినా లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అడగాల్సిన చోట అడగలేక వాళ్ళు మా ఇంటికి వచ్చారు. తప్పు తనది కాకపోయినా మా నాన్న మాట పడ్డాడు. విషాన్ని మోసినవాడూ, ఆ విషం వల్ల వల ఖాళీ అయినవాడూ ఎదురెదురుగా నిలబడి తిట్టుకున్నారు. మందు ఎవరి చేలో పడిందో ఆయన ఆ గొడవలో లేడు.

ఇప్పుడు శాస్త్రం చూద్దాం. పురుగును చంపే మందు రొయ్యను ఎందుకు చంపుతుంది? జీవశాస్త్రంలో రొయ్య, పీత, పురుగు దగ్గరి చుట్టాలు. మూడూ కీళ్ళ కాళ్ళ జీవులే, పెంకు విడుస్తూ పెరిగేవే. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గనోఫాస్ఫేట్ మందులు నరాల్లో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతం ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి ఆగిపోతుంది. ఈ ఎంజైమ్ పురుగులో ఉంది, రొయ్యలో ఉంది, చేపలో ఉంది, ట్యాంకు మోసే మనిషిలోనూ ఉంది. సైపర్‌మెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్లు మనిషికి కొంత తక్కువ ప్రమాదం అంటారు. కానీ లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాములో చిన్న భాగం ఉన్నా రొయ్య జాతి జీవులు చచ్చిపోతాయి. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి నీటిలో తేలిగ్గా కరిగి కాలవల వెంట పోతాయి. డైఫ్లూబెంజురాన్ లాంటివి పెంకు తయారవకుండా చేస్తాయి. పురుగు పెంకు కట్టకుండా చేసే మందు పీతకు మాత్రం అడ్డురాకుండా ఉండదు కదా.

ఈ సంగతి పల్లెలో ఎవరికీ కొత్త కాదు. చెరువులో ఎండ్రిన్ కలిపి దొంగతనంగా చేపలు పట్టిన కథలు మీ తాతలు చెప్పే ఉంటారు. మందుకు చేప చస్తుందని తెలియకపోతే ఆ దొంగతనమే పుట్టేది కాదు.

కాలం సంగతి కూడా చూడండి. సార్వాలో మందులు ఎక్కువగా కొట్టేది వానాకాలంలో. గోదావరి వరద నీరు మొగలు దాటే రోజులు కూడా అవే. పులస సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఏరు ఎదురీదేది ఆ రోజుల్లోనే. దాదాపు 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యంలో మడ చెట్ల వేళ్ళ మధ్య రొయ్య పిల్లలు, పీత పిల్లలు, పండుగప్ప పిల్లలు పెరుగుతాయి. పెద్ద రొయ్య తట్టుకునే మోతాదును పిల్ల రొయ్య తట్టుకోలేదు. అంటే విషం ఎక్కువగా కొట్టుకొచ్చే వేళ, ఆ చోట ఉండేది అన్నిటికన్నా బలహీనమైన ప్రాణం.

మరి చట్టం ఏం చేస్తోంది? మన పురుగుమందుల చట్టం 1968 నాటిది. దాని పుట్టుక తెలుసుకోవాలి. 1958లో పారాథియాన్ అంటుకున్న గోధుమ పిండి తిని కేరళలో 100 మందికి పైగా చనిపోయారు. దాని మీద విచారణ జరిగింది, నిపుణుల సంఘాలు కూర్చున్నాయి, పదేళ్ళకు చట్టం వచ్చింది. అందుకే ఆ చట్టం కళ్ళన్నీ రిజిస్ట్రేషన్ మీద, దుకాణం లైసెన్సు మీద, డబ్బా మీది లేబుల్ మీద, రవాణా మీద ఉంటాయి. 1971 నిబంధనల్లో రక్షణ దుస్తుల గురించి ఉంది. ఖాళీ డబ్బాలు, కడిగిన నీళ్ళు జలాలను కలుషితం చేయకుండా చూడాలని ఉంది. విమానంతో కొట్టేటప్పుడు 24 గంటల ముందు ప్రజలకు చెప్పాలని ఉంది. కానీ కాలవకు ఎంత దూరంలో కొట్టాలి, ఏటికి ఎంత దూరంలో ఆపాలి, వాన ముందు కొట్టవచ్చా అంటే, భుజాన ట్యాంకు మోసేవారికి దేశమంతటా వర్తించే కొలత లేదు. 2021 డిసెంబర్‌లో డ్రోన్ పిచికారీకి కేంద్రం విధివిధానాలు తెచ్చినప్పుడు నీటి వనరుల దగ్గర కొట్టవద్దని రాసింది. డ్రోన్‌కు దూరం అవసరమని తెలిసినవాళ్ళకు ట్యాంకుకు అవసరం లేదని ఎందుకు అనిపించింది?

తీర చట్టాల వైపు రండి. 1991లో మొదలై 2011లో, 2019లో మారిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలను నియంత్రిస్తుంది. వ్యవసాయాన్ని అనుమతించిన పనుల్లో చేర్చింది. చేర్చాల్సిందే, అక్కడా మనుషులు పండించుకు తినాలి. కానీ ఆ వ్యవసాయంలో ఏం కొడుతున్నారని అది అడగదు. 1974 జల కాలుష్య చట్టం ఫ్యాక్టరీ గొట్టాన్ని పట్టుకోగలదు. వేల చేల నుంచి సన్నగా జారే నీటిని పట్టుకోవడం దానికి చేతకాదు. 1996 డిసెంబర్‌లో ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలనే సూత్రాన్ని అక్కడ వర్తింపజేసింది. ఆ సూత్రం చెరువు గట్టు దగ్గర ఆగిపోయింది, వరి చేను గట్టు దాకా రాలేదు.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు, మోటారు బోట్లు వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక. ఒడిశాలో గహిర్‌మాథాతో పాటు ధామ్రా, దేవి, రుషికుల్య మొగల దగ్గర తాబేళ్ళ కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఆ దేవి మహానది పాయే, అంటే మీ ఖారూన్ నీళ్ళు కూడా అందులో ఉన్నాయి. ఇక రెండో అంకె. పురుగుమందుల చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒక మందు ప్రమాదకరమని రాష్ట్ర ప్రభుత్వానికి అనిపిస్తే విచారణ పూర్తయ్యేదాకా దాన్ని 60 రోజులు ఆపవచ్చు. విచారణ ముగియకపోతే మరో 30 రోజులు. ఆ తర్వాత నిర్ణయం ఢిల్లీది. జాలరిని ప్రతి ఏడాదీ 61 రోజులు ఆపే దేశంలో, తీరం ఉన్న రాష్ట్రం కూడా ఒక విషాన్ని తనంతట తాను శాశ్వతంగా ఆపలేదు.

వేట విరామం తప్పు అని నేను అనడం లేదు. చేప పెరగాలంటే విరామం కావాలి, ఆ సంగతి జాలర్లకే బాగా తెలుసు. నేను అడిగేది, గుడ్లు పెట్టే కాలమని వలను ఒడ్డున కూర్చోబెట్టినవాళ్ళు, ఆ గుడ్లు పిల్లలై మడ అడవికి చేరేవేళ మందును ఎందుకు ఆపరు? జాలరి పోగొట్టుకున్న కూలికి ప్రభుత్వం ఏదో భృతి ఇస్తుంది. మందు వల్ల పోయిన చేపకు ఎవరు ఇస్తారు?

2020 మేలో కేంద్రం 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా తెచ్చింది. వరి చేలో కలుపుకు కొట్టే బ్యూటాక్లోర్, క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ అందులో ఉన్నాయి. జలచరాలకు విషం అన్న మాట ఆ ముసాయిదాలోనే చాలా మందుల పక్కన రాసి ఉంది. మూడేళ్ళు గడిచాక 2023లో వచ్చిన ఆదేశంలో పూర్తిగా ఆపింది మూడింటిని, డైకోఫాల్, డైనోక్యాప్, మెథోమిల్. మోనోక్రోటోఫాస్ ఒక రకాన్ని దశలవారీగా తీసేయాలన్నారు. ప్రభుత్వానికి తెలియక ఆగింది కాదు ఇది. తెలిసి ఆగింది.

దీని భారం ఎవరి మీద పడుతోందో చూద్దాం. 2017లో యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. కాసరగోడ్‌లో జీడితోటల మీద ఎన్నో ఏళ్ళ పాటు హెలికాప్టర్‌తో ఎండోసల్ఫాన్ కొట్టారు. దాన్ని సుప్రీంకోర్టు ఆపింది 2011లో. బాధితులకు 5 లక్షల చొప్పున ఇవ్వమని చెప్పింది 2017లో. ఇక్కడి బస్తర్ నుంచి ఏటా వేల మంది ఆదివాసులు గోదావరి ఒడ్డున తెలంగాణ మిరప చేలకు కాయ కోయడానికి వెళ్తారు. మందు బాగా పడే పంటల్లో మిరప ఒకటి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరప తోట నుంచి బీజాపూర్‌లోని తన ఊరికి నడిచి వెళ్తూ దారిలోనే చనిపోయిన 12 ఏళ్ళ ఆదివాసీ పాప ఆ కూలీల్లో ఒకతి. ఆమె ఎండకూ నడకకూ బలైంది. కానీ 12 ఏళ్ళ పిల్ల మందు కొట్టిన చేలో ఏం చేస్తోందని ఎవరూ అడగలేదు.

తీరంలో ఇదే పద్ధతి. ఎగుమతికి వెళ్ళే రొయ్యను ల్యాబులో పరీక్షిస్తారు, ఎందుకంటే తినేవాడు యూరప్‌లోనో అమెరికాలోనో ఉన్నాడు. ఏటి మొగలో పట్టి, జాలరి ఆడవాళ్ళు తట్టలో పెట్టుకుని మా పేటకు తెచ్చి అమ్మే చేపను పరీక్షించేవాడు లేడు. తినేది మేమే కాబట్టి.

ఇది మన దేశపు రోగమే కాదు. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ పాలనలోని మార్టినిక్, గ్వాడెలూప్ దీవులు ఉన్నాయి. అక్కడి ప్రజల్లో ఎక్కువమంది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి. 1972 నుంచి 1993 దాకా అరటి తోటల్లో ముక్కుపురుగుకు క్లోర్‌డెకోన్ అనే మందు వాడారు. అమెరికాలో ఆ మందు తయారుచేసే కార్మికులు జబ్బుపడి 1975లోనే ఫ్యాక్టరీ మూతపడింది, జేమ్స్ నదిలో చేపల వేట ఆపేశారు. ఫ్రాన్స్ 1990లో నిషేధించి, ఈ దీవులకు మాత్రం మరో మూడేళ్ళు మినహాయింపు ఇచ్చింది. అది మట్టి నుంచి వాగుల్లోకి, వాగుల నుంచి తీరంలోకి దిగింది. పెద్దవాళ్ళలో 90 శాతానికి పైగా మంది రక్తంలో దాని ఆనవాళ్ళు ఉన్నాయి. తీరంలో చాలా చోట్ల చేపలు పట్టకూడదని ఆంక్షలు పెట్టారు. అంటే అక్కడ కూడా చివరికి వల ఆగింది. 2023 జనవరిలో పారిస్ న్యాయమూర్తులు కేసు మూసేశారు. మనకు కులం, వాళ్ళకు రంగు. నీళ్ళు పోయే దారి మాత్రం ఒకటే.

గెలిచిన ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. అమెరికా వాయవ్య తీరంలో సాల్మన్ చేప పులసలాగే సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతుంది. ఆ ఏళ్ళ దగ్గర మందుల మీద కోర్టుకు వెళ్ళినవాళ్ళలో పర్యావరణ సంఘాలతో పాటు జాలరి సంఘాలు కూడా ఉన్నాయి. 2004లో కోర్టు కొన్ని మందులకు గీత గీసింది. నేల మీద కొడితే సాల్మన్ ఏటికి 20 గజాల దూరం, విమానంతో కొడితే 100 గజాల దూరం. 2009లో యూరప్ దేశాల కూటమి విమాన పిచికారీని సాధారణంగా నిషేధించి, నీటి పక్కన రక్షణ పట్టీలు ఉంచాలని ఆదేశించింది. అదే ఏడాది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పగడపు దిబ్బలను కాపాడటానికి చెరకు తోటల్లో కలుపు మందుల మీద చట్టం తెచ్చింది. చేయాలనుకుంటే చేయవచ్చని చెప్పడానికే ఇవి. కాలిఫోర్నియా ద్రాక్ష తోటల కార్మిక సంఘం 1972లో అమెరికా ప్రభుత్వం డీడీటీని నిషేధించకముందే తమ ఒప్పందాల్లో దాన్ని నిషేధింపజేసుకుంది. ట్యాంకు మోసేవాడికి బేరమాడే బలం ఉంటే చట్టం కన్నా ముందే విషం ఆగుతుంది.

ఇక్కడ బాబాసాహెబ్‌ను గుర్తు చేసుకోవడం లాంఛనం కోసం కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగి ఆయన నీటిని హక్కుల ప్రశ్న చేశాడు. మనం ముట్టుకుంటే నీళ్ళు మైలపడతాయన్నారు. ఇవాళ అదే నీటిలో నిజమైన విషం కలుస్తుంటే ఎవరికీ మైల గుర్తుకు రావడం లేదు. రెండోది, మీ నదికి సంబంధించినది. వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఆయన 1945 నవంబర్ 8న కటక్‌లో ఒరిస్సా నదుల మీద జరిగిన సమావేశానికి అధ్యక్షత వహించాడు. హీరాకుడ్‌కు దారి వేసిన సమావేశం అది. నదిని ముక్కలుగా కాక మొత్తంగా చూడాలన్నదే ఆయన జల విధానానికి మూలం. 2018 నుంచి ఇదే మహానది మీద ఛత్తీస్‌గఢ్, ఒడిశా ట్రిబ్యునల్ ముందు ఉన్నాయి. వాదన ప్రధానంగా ఎన్ని నీళ్ళు అనే దాని మీద. ఎలాంటి నీళ్ళు అని ఎవరు వాదిస్తున్నారు?

మరి ఏం అడగాలి? నాకు తోచినవి చెప్తాను, మీరు తప్పులు పట్టండి.

ఒకటి, దూరం. తీర మండలాల్లో ఏటికి, డ్రెయిన్‌కు, మడ అడవికి, ఉప్పుటేరుకు ఇంత దూరంలో మందు కొట్టకూడదని మీటర్లలో నిబంధన ఉండాలి. డ్రెయిన్‌ను తప్పక లెక్కలోకి తీసుకోవాలి. డెల్టాలో సముద్రం డ్రెయిన్ దగ్గరే మొదలవుతుంది. కానీ జాగ్రత్త. లంక భూముల్లో, డ్రెయిన్ గట్ల పక్కన దళితులకు పంచిన చిన్న ముక్కలు ఎన్నో ఉన్నాయి. పరిహారం లేకుండా గీత గీస్తే మొదట పోయేది ఆ అర ఎకరమే. అందుకే పట్టీ వదిలినందుకు సాగుదారుకు, కౌలుదారైతే కౌలుదారుకే, ఏటా డబ్బు ఇవ్వాలి.

రెండు, రోజులు. భారీ వాన వస్తుందని వాతావరణ శాఖ చెప్పిన రోజుల్లో పిచికారీ ఆపాలి. రొయ్య పిల్లలు మడ అడవికి చేరే వారాల్లో, రొయ్య జాతికి అతి విషమైన మందులను తీర మండలాల్లో అమ్మకూడదు. వలకు విరామం ఉన్నట్టే మందుకూ విరామం ఉండాలి.

మూడు, బాధ్యత. మందు ఎంచుకున్నవాడు, కొట్టించినవాడు, అమ్మినవాడు బాధ్యులు. ట్యాంకు మోసినవాడి మీద కేసు పెట్టే చట్టం మనకు వద్దు. దుస్తులు, కడుక్కోవడానికి చోటు, రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష యజమాని ఖర్చుతో జరగాలి.

నాలుగు, లెక్క. మొగల దగ్గర నీటిని, బురదను, స్థానిక మార్కెట్ చేపను క్రమం తప్పకుండా పరీక్షించి ఫలితాలు తెలుగులో, ఒడియాలో, ఛత్తీస్‌గఢీలో, గోండిలో పెట్టాలి. ఈ గదిలో కెమిస్ట్రీ, జువాలజీ చదివేవాళ్ళు ఉన్నారు. ఖారూన్ నుంచి మొదలుపెట్టండి.

ఐదు, కుర్చీ. రాష్ట్ర తీర నిర్వహణ సంస్థల్లో, మందుల రిజిస్ట్రేషన్ కమిటీలో జాలరి ఆడవాళ్ళకు, వ్యవసాయ కూలీలకు చోటు ఉండాలి. నిపుణుల కమిటీలు ఎన్ని కూర్చున్నా ట్యాంకు మోసినవాళ్ళు వాటిలో కనిపించరు.

రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పి ముగిస్తాను. మొదటిది, మందు ఆపితే తిండి ఎలా అంటారు. నేను మందులన్నీ ఆపమనడం లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏది అని అడుగుతున్నాను. చేప కూడా తిండే. ధాన్యం పండించడానికి చేపను చంపితే, పేదవాడి కంచంలో మాంసకృత్తులు తీసేసి అన్నం పెట్టినట్టు. రెండోది, అయితే ఆవు పేడ, గోమూత్రం వైపు వెళ్దాం అంటారు. రసాయనం తగ్గించే ఏ పద్ధతినైనా పొలంలో పరీక్షించి తీసుకుందాం. కానీ దాన్ని ఆవు పవిత్రత మీద నిలబెట్టడానికి మనం ఒప్పుకోకూడదు. పాత పల్లెలో అంతా బాగుండేదన్న మాటను అంబేద్కరిస్టులు ఎలా నమ్ముతారు? డ్రోన్ వస్తే మా నాన్న లాంటివాళ్ళ భుజాన ట్యాంకు దిగుతుంది, నాకు అది సంతోషమే. 2023లో మొదలైన డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామన్నారు. ఆ మహిళలకు గాలి వేగం గురించి, నీటి దూరం గురించి, మందు విషం గురించి చెప్పకుండా రిమోట్ ఒక్కటే చేతిలో పెడితే, పాత ట్యాంకు కొత్త రూపంలో వాళ్ళ మీదే పడుతుంది. రేపు చేప చస్తే జాలరి వచ్చి ఆ అక్కనే నిలదీస్తాడు.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు జరిగింది మళ్ళీ జరగకూడదు. ఆ నలుగురు జాలర్లూ మా నాన్నా ఒక వైపు నిలబడి, కామందునీ కంపెనీనీ ప్రభుత్వాన్నీ కలిసి అడగగలిగే రోజు రావాలి. మహానదికి పైన మీరు ఉన్నారు, గోదావరికి కింద మేం ఉన్నాం. రెండు చోట్లా ట్యాంకు మోసేది మనవాళ్ళే. చదువుకున్నవాళ్ళం కనుక ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో ముందు మనం చదవాలి, చదివి వాళ్ళకు చెప్పాలి.

జై భీమ్.